1956 బీఎస్ఏ గోల్డెన్ ఫ్లాష్‌ని ఇంట్లో బాగుచేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నారు. 1956 నాటి బీఎస్ఏ ఏ10 గోల్డెన్ ఫ్లాష్, అంటే పాతకాలపు బ్రిటిష్ మోటార్‌సైకిల్, కొన్నారు. 1970ల చివర్లో షెడ్డులో పెట్టిన బండి, ఆ తర్వాత రోడ్డెక్కలేదు. కిక్ కొడితే ఇంజను తిరుగుతోంది, కంప్రెషన్ కాలికి బాగానే తగులుతోంది. "కొత్త పెట్రోలు పోస్తే చాలు, స్టార్ట్ అవుతుంది" అని అమ్మినాయన అన్నాడు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు మీ బుల్లెట్ పనులు మీరే చేసుకున్నారు కాబట్టి పానాలు కొత్త కాదు. ఇప్పుడు ముందు స్టార్ట్ చేసి నడుపుతూ మెల్లగా బాగుచేసుకోవాలా, లేక మొత్తం విప్పేసి ఫ్రేమ్‌ని పౌడర్ కోటింగ్‌కి పంపి మొదట్నుంచీ కట్టుకురావాలా? ఉన్నది ఒక్క కారు పట్టే గరాజు, దొరికేవి శనివారాలు. ఎన్నాళ్లు పడుతుంది?

నా సమాధానం: రెండూ వద్దు. ఇంజను ఇప్పుడే స్టార్ట్ చేయకండి. బండి మొత్తం విప్పకండి. ఇంజను ఒక్కటి దించి, దాని లోపల తిరిగే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్, లోపల ఆయిల్ వెళ్లే దారి శుభ్రం చేయించండి. మిగతా బండి దాని చక్రాల మీద అలాగే నిలబడి ఉండాలి. ఇంజను తిరిగి ఎక్కాక ఒక వేసవి పాత రంగుతోనే నడపండి. పెయింటు, క్రోమ్ ఆ తర్వాతి సంగతి. శనివారాలు మాత్రమే పనిచేస్తే నడిపే స్థితికి రావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, రంగులతో సహా పూర్తవడానికి మూడేళ్లకు పైనే అనుకోండి. ఎవరైనా ఆరు నెలలంటే అది డబ్బిచ్చి బయట చేయించుకునే లెక్క.

నేను బర్మింగ్‌హామ్ పక్కన ఉంటాను. ఇక్కడ టూల్‌రూమ్‌లో చాలాకాలం పనిచేశాను. నా ఏ10తో పాటు తెలిసినవాళ్ల ఏ7లు (దీని చిన్న తోబుట్టువు), ఏ10లు కూడా నా బెంచి మీద విప్పాను. కాబట్టి ఇక్కడ చెప్పేది చాలావరకు ఈ ఇంజను గురించే. ట్రయంఫ్‌కో నార్టన్‌కో ఇది అక్షరాలా వర్తించదు.

స్టార్ట్ చేయొద్దని ఎందుకంటున్నానంటే

ఏ10 ఇంజను 646 సీసీ, రెండు సిలిండర్లు. బోరు 70 మి.మీ., స్ట్రోకు 84 మి.మీ. బర్ట్ హాప్‌వుడ్ డిజైన్. 1949 అక్టోబర్‌లో, 1950 మోడల్‌గా ప్రకటించారు. గట్టి ఇంజను, మంచి లాగుడు ఉన్న ఇంజను. దాని బలహీనత మాత్రం ఒక్కచోటే, కంటికి కనబడని చోట ఉంది.

ఆయిల్ ట్యాంకు నుంచి పంపు తోసిన ఆయిల్ కుడివైపు, అంటే టైమింగ్ వైపు, ఉన్న ఒక సాదా బుష్‌లోకి (ఇరుసు తిరిగే లోహపు గొట్టంలోకి) వెళ్తుంది. అక్కడ రోలర్ బేరింగ్ లేదు, బుష్ మాత్రమే. ఆ బుష్‌లోంచే ఆయిల్ క్రాంక్‌లోకి దూరి, అక్కణ్నుంచి పిస్టన్లని క్రాంక్‌కి కలిపే రెండు కనెక్టింగ్ రాడ్ల బిగ్ ఎండ్‌లకి, అంటే అవి క్రాంక్‌ని పట్టుకునే చివరలకి, అందుతుంది. క్రాంక్ లోపల బోలుగా ఒక గది ఉంటుంది. క్రాంక్ గిరగిరా తిరుగుతున్నప్పుడు ఆయిల్‌లోని మురికి, లోహపు పొడి బయటివైపుకి విసిరినట్టు వెళ్లి ఆ గదిలో అతుక్కుంటాయి. ఈ ఇంజనుకి జాలీలు తప్ప నేటి బళ్లలో ఉండే ఫిల్టర్ లేదు. ఆ గదే ఫిల్టర్ అన్నమాట. ఖాళీ ఉన్నంతకాలం అది మేలు చేస్తుంది. నిండిపోయాక బిగ్ ఎండ్ రంధ్రాలనే మూసేస్తుంది.

విప్పినప్పుడు ఆ గదిలోంచి వచ్చేది పాత తాటిబెల్లం ముద్దలా ఉంటుంది. పెట్రోల్‌లో నానబెడితే కరగదు, గీకి తీయాల్సిందే. యాభై, అరవై ఏళ్లుగా ఎవరూ ముట్టని క్రాంక్‌లు నేను విప్పాను. ఒక దాంట్లో ఒకవైపు రంధ్రం పూర్తిగా పూడిపోయి ఉంది. ఆ బండి యజమాని దాన్ని వారం ముందు వరకు నడుపుతూనే ఉన్నాడు. కంప్రెషన్ బాగుంది, పొగ లేదు, శబ్దం కూడా పెద్దగా లేదు. బిగ్ ఎండ్‌లలోని షెల్ బేరింగులు తీసి చూస్తే ఒకటి బాగుంది, రెండోదాని పైపొర పోయి కింద రాగి రంగు కనబడుతోంది. ఇంకొంత దూరం వెళ్లుంటే అల్యూమినియం కనెక్టింగ్ రాడ్ విరిగి క్రాంక్ చుట్టూ ఉండే పెట్టెని, అంటే క్రాంక్‌కేసుని, చీల్చుకుని బయటికి వచ్చేది. క్రాంక్‌కేసు పోతే ఇంజను నంబరు పోయినట్టే. ఆ నంబరు పోతే బండికి ఉన్న చరిత్రలో సగం పోతుంది.

అందుకే "కంప్రెషన్ బాగుంది" అన్న మాట ఈ విషయంలో మీకేమీ చెప్పదు. అది పిస్టన్ల గురించి, వాల్వుల గురించి చెప్పే మాట. పైగా ఇప్పటి ఆయిళ్లలో మురికిని కరిగించే డిటర్జెంట్లు ఉంటాయి. నలభై ఏళ్లు గట్టిపడి ఉన్న మడ్డి ఆ ఆయిల్ తగిలి పెళ్లలుగా ఊడి రంధ్రానికి అడ్డం పడితే ప్రమాదం ఇంకా దగ్గరవుతుంది.

మినహాయింపు ఒకటే. ఈ ఇంజనుకి ఇదివరకే ఎవరో క్రాంక్ శుభ్రం చేయించి, కొత్త బుష్ వేయించినట్టు బిల్లులు, ఫొటోలు ఉంటే స్టార్ట్ చేసి చూడొచ్చు. నోటిమాటగా "అన్నీ చేయించారట" అంటే అది లెక్కలోకి రాదు.

మొత్తం ఎందుకు విప్పొద్దు

స్టాఫర్డ్ షోగ్రౌండ్‌లో ఏటా జరిగే పాత మోటార్‌సైకిళ్ల షోకి ఒకసారి వెళ్లి రండి. అక్కడి పాత సామాన్ల వరసల్లో పెట్టెల్లోకి విప్పేసిన బళ్లు అమ్మకానికి కనబడతాయి. వాటిని విప్పినవాళ్లలో చాలామంది మంచి పనివాళ్లే. ఒకేసారి అంతా విప్పేయడంతో గరాజు నిండిపోయింది, ఏ నట్టు ఎక్కడిదో మర్చిపోయారు, ఇంట్లో ఏదో అవసరం వచ్చి ఏడాది ఆగారు, ఆ ఏడాది పదేళ్లయింది. మీకు చిన్నపిల్లలున్నారని రాశారు. మధ్యలో రెండు నెలలు గరాజు తలుపు తీయలేని రోజులు మీకూ వస్తాయి. అప్పుడు బండి చక్రాల మీద నిలబడి, ఇంజను ఒక్కటే బెంచి మీద ఉంటే, తిరిగి వచ్చి పది నిమిషాల్లో పని అందుకోవచ్చు.

ఇంకో కారణం ఉంది. నిలబడి ఉన్న బండి మీకు మాన్యువల్‌లా పనికొస్తుంది. కేబుల్ ఏ దారిలో వెళ్తోంది, వాషర్ ఏ వైపు ఉంది, మడ్‌గార్డ్ స్టే బోల్టుకి ముందా వెనకా, ఇవన్నీ ఫొటోల్లో దొరకవు. ఎన్ని ఫొటోలు తీసినా మీక్కావాల్సిన కోణం ఒకటి తప్పకుండా మిస్సవుతుంది.

నా పద్ధతి ఏంటంటే, ఒక భాగం విప్పితే అది బాగై తిరిగి బిగిసేదాకా రెండోది ముట్టుకోను. బయటి వర్క్‌షాపులో పని ఆగినప్పుడు మాత్రం దీన్ని సడలిస్తాను. క్రాంక్ గ్రైండింగ్‌కి పంపితే తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ సమయంలో ముందు చక్రం, బ్రేకులు చూసుకోండి.

పానాల సంగతి ముందే

మీ బుల్లెట్ పాతకాలపు మద్రాసు బండి అయితే ఈ మరలు మీకు కొంత తెలిసే ఉంటాయి. బుల్లెట్ పుట్టిల్లు బర్మింగ్‌హామ్‌కి దక్షిణంగా ఉన్న రెడిచ్. 1950ల్లో మద్రాసులో తయారీ మొదలైనప్పుడు డిజైన్‌తో పాటు బ్రిటిష్ మరలు కూడా అక్కడికి వెళ్లాయి. ఏ10లో ఎక్కువగా సైకిల్ థ్రెడ్ అనే రకం, అంగుళానికి 26 మరలు ఉన్నది, కనబడుతుంది. అల్యూమినియంలోకి దిగే స్టడ్‌లకి ముతక విట్‌వర్త్ మర ఉంటుంది. రెండింటి కోణాలు వేరు, సైకిల్ థ్రెడ్‌ది 60 డిగ్రీలు, విట్‌వర్త్‌ది 55. కాబట్టి "దగ్గర్లో ఉంది కదా" అని వేరే బోల్టు తిప్పితే రెండు చుట్లు ఎక్కి ఆ తర్వాత అల్యూమినియంని కోసేస్తుంది.

మీ దగ్గరున్న మిల్లీమీటర్ పానాలు ఈ బండి దగ్గరికి తేవద్దు. పావంగుళం విట్‌వర్త్ నట్టు తల సుమారు 13.3 మి.మీ. ఉంటుంది. 13 పానా ఎక్కదు, 14 ఎక్కి జారి మూలలు గుండ్రం చేస్తుంది. మంచి విట్‌వర్త్ రింగ్ పానాల సెట్టు, సాకెట్ల సెట్టు పాతవి కొనుక్కోండి. కొత్త చవకరకం సెట్ల కన్నా షెఫీల్డ్‌లో చేసిన పాతవి మేలు, ఇక్కడి పాత సామాన్ల సంతల్లో ఇప్పటికీ చవగ్గా దొరుకుతున్నాయి. వీటితో పాటు క్లచ్ హబ్ ఊడదీసే పుల్లర్ తప్పనిసరి. హబ్ టేపర్ షాఫ్ట్ (చివరికి సన్నబడే ఇరుసు) మీద బిగిసి ఉంటుంది, సుత్తితో కొడితే గేర్‌బాక్స్ మెయిన్ షాఫ్ట్ దెబ్బతింటుంది.

ఇంజను దించడం

ముందు బండి చుట్టూ నిదానంగా ఫొటోలు తీయండి. ఆయిల్ దించి, దాన్ని తెల్లటి ట్రేలో పోసి వెలుతురులో చూడండి. మెరిసే రేణువులుంటే అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే ఇనుము, అంటే గేర్లో క్యామో. అతుక్కోకపోతే బుష్‌దో బేరింగ్‌దో.

ఎడమవైపు ప్రైమరీ చైన్ కేసు (ఇంజను నుంచి క్లచ్‌కి వెళ్లే చైను పెట్టె), క్లచ్ తీయకుండా ఇంజను రాదు. హెడ్, సిలిండర్ బారెల్ ఫ్రేమ్‌లో ఉండగానే తీసేయండి. అవి పోత ఇనుము, వాటి బరువు తగ్గితే మిగిలిన కింది భాగాన్ని ఇద్దరు హాయిగా ఎత్తవచ్చు. బారెల్ తీశాక దాని అడుగు అంచుని, స్టడ్‌లు దిగే ఫ్లాంజ్‌ని, జాగ్రత్తగా చూడండి. మొదటి ఏళ్ల ఏ10లకి ఆ ఫ్లాంజ్ పలచగా ఉండేది. నట్లు అతిగా బిగించినా సరిగ్గా బిగించకపోయినా పగుళ్లిచ్చేది. తర్వాతి మోడళ్లలో బీఎస్ఏ దాన్ని మందం చేసింది. మీది 1956 కాబట్టి పలచ రకమే ఉండాలి. తుడిచి, స్టడ్ రంధ్రాల చుట్టూ భూతద్దంతో చూడండి. పగులుంటే వెల్డింగ్ ప్రయోగాలు చేయకుండా ఇంకో బారెల్ వెతకండి.

టైమింగ్ వైపు విప్పేటప్పుడు ఎడమ మరలు, అంటే వ్యతిరేక దిశలో ఊడేవి, కూడా ఎదురవుతాయి. కదలకపోతే బలం పెంచే ముందు మాన్యువల్ తెరవండి. బిగిసిపోయిన స్టడ్‌కి వేడి చూపించండి, కానీ స్టడ్‌కి కాదు, చుట్టూ ఉన్న అల్యూమినియంకి. అది ఇనుము కన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి పట్టు వదులుతుంది. హడావుడి పడకుండా వేడి చేయడం, చల్లారనివ్వడం, చొచ్చుకుపోయే నూనె వేయడం, మరుసటి శనివారం మళ్లీ చూడటం. సమయం మీ చేతిలో ఉండటంలోని లాభం ఇక్కడే తెలుస్తుంది. అద్దెకి మెకానిక్‌ని పెట్టుకుంటే అతను వారం ఆగలేడు, మీరు ఆగగలరు.

క్రాంక్, బుష్

క్రాంక్‌లోని ఆ గదికి మరలున్న బిరడాలు ఉంటాయి. ఊడిరాకుండా వాటిని పంచ్‌తో కొట్టి ఉంచుతారు. ఆ పంచ్ గుర్తుని ముందు డ్రిల్‌తో తీసేశాకే తిప్పాలి. లేదంటే బిరడా గాడి చిరిగిపోతుంది. మీకు ధైర్యం చాలకపోతే ఈ ఒక్క పని క్రాంక్ గ్రైండింగ్ చేసేవాళ్లకే వదిలేయండి, తప్పేమీ లేదు. శుభ్రం చేశాక ప్రతి రంధ్రంలోకీ పారఫిన్ (మన కిరోసిన్‌కి ఇక్కడి పేరు) పంపి అవతలి వైపు ధార వస్తోందో లేదో కళ్లతో చూడండి. ఇతరులు చేసి ఇచ్చినా ఈ పరీక్ష మాత్రం మీ చేత్తో చేయండి.

బుష్ విషయం అంతకన్నా ముఖ్యం. అది అరిగితే పంపు తోసిన ఆయిల్ బిగ్ ఎండ్‌కి వెళ్లకుండా బుష్ పక్కల్లోంచే కారిపోతుంది. కొత్త బుష్ నొక్కి పెట్టడంతో సరిపోదు. షాఫ్ట్ అండాకారంగా అరిగి ఉంటే ముందు దాన్ని గ్రైండ్ చేయాలి. ఆ కొలతకి తగ్గట్టు, రెండు క్రాంక్‌కేసు సగాలు కలిపి బిగించి, ఎడమవైపు బేరింగ్‌కి వరసగా బుష్‌ని బోర్ చేయాలి. వరస తప్పితే కొత్త బుష్ కొన్నివందల మైళ్లకే పోతుంది. ఇది ఇంట్లో రీమర్‌తో (రంధ్రాన్ని చెక్కే చేతి పనిముట్టుతో) చేసే పని కాదు. ఈ బండి మీద ఒక్కచోటే డబ్బు ఖర్చు పెట్టగలిగితే అది ఇక్కడ పెట్టండి.

బుష్ బదులు నీడిల్ రోలర్ బేరింగ్ వేసి, ఆయిల్‌ని క్రాంక్ చివర్నుంచి పంపే మార్పు కూడా ఉంది. మంచి పద్ధతే. దూరాలు తిరిగేవాళ్లకి, వేగంగా నడిపేవాళ్లకి అది చేయించుకోమనే చెబుతాను. ఆదివారం నలభై మైళ్లు తిరిగేవాళ్లకి సరిగ్గా బోర్ చేసిన బుష్ చాలు. ఆ ఇంజన్లు బుష్‌తోనే దశాబ్దాలు నడిచాయి.

ఆయిల్ పంపుని కూడా చూడండి. పాత పంపుల శరీరం మెత్తటి లోహం, ఎక్కువ బిగిస్తే వంగి లోపలి గేర్లు పట్టేస్తాయి. చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా మెత్తగా తిరగాలి. అద్దం పలక మీద పెట్టి ముఖం చదునుగా ఉందో లేదో చూడండి.

ఒక హెచ్చరిక: క్రాంక్‌కేసుల్ని మెరిపించాలని ఇసుకతోనో గాజు పూసలతోనో బ్లాస్టింగ్ చేయించేవాళ్లున్నారు. ఆ రేణువులు ఆయిల్ దారుల్లో, మరల రంధ్రాల్లో దాక్కుంటాయి. కోవెంట్రీలో నాకు తెలిసిన ఒకాయన ఇంజను మెరిసిపోతూ వచ్చింది, కొత్త షెల్ బేరింగులు మొదటి వేసవిలోనే గీతలు పడిపోయాయి. పారఫిన్, కుంచె, ఓపిక చాలు. ఎలాగైనా బ్లాస్టింగ్ చేయిస్తే ప్రతి బిరడా తీసి, సబ్బునీళ్లతో, ఆ తర్వాత గాలితో, మళ్లీ మళ్లీ కడగండి.

మాగ్నెటో: బుల్లెట్ అనుభవం పనికిరాని చోటు

మీ బుల్లెట్‌కి బ్యాటరీ, కాయిల్ ఉండేవి. దీనికి లూకాస్ కె2ఎఫ్ మాగ్నెటో. బ్యాటరీ లేకుండానే స్పార్క్ పుట్టిస్తుంది. దాని లోపల తిరిగే ఆర్మేచర్‌లో (తీగ చుట్టిన భాగంలో) ఒక కండెన్సర్ దాగి ఉంటుంది. అది పాతబడితే చల్లగా ఉన్నప్పుడు అన్నీ బాగుంటాయి. పది మైళ్లు నడిపాక బండి ఆగితే మళ్లీ స్టార్ట్ కాదు. గంటసేపు చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. చాలామంది ఈ లక్షణం చూసి కార్బురేటర్‌ని విప్పుతూ కూర్చుంటారు. ఆర్మేచర్ చుట్టకి పూసిన పాత లక్క కూడా వేడికి మెత్తబడి కారి లోపల అంటుకుంటుంది.

కాబట్టి స్పార్క్ వస్తోంది కదా అని వదిలేయకుండా, మాగ్నెటో పనిలో పేరున్నవాళ్ల దగ్గరికి పంపి తిరిగి చుట్టించి, కొత్త కండెన్సర్, కొత్త బేరింగులు వేయించండి. మీరు చేసుకోగలిగింది పాయింట్లు (కరెంటుని తెంచి స్పార్క్ రప్పించే కొసలు) శుభ్రం చేసి అంగుళంలో 12 వెయ్యో వంతుల సందు పెట్టడం, కార్బన్ బ్రష్‌లు మార్చడం, అవి రాసుకునే స్లిప్ రింగ్‌ని తుడవడం. ఆ రింగ్ మీద నల్లటి పొడి పేరుకున్నా మిస్‌ఫైర్ వస్తుంది.

డైనమో సులువు. దాని రెండు టెర్మినళ్లు కలిపి 6 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే మోటారులా తిరగాలి. తిరిగిందంటే ప్రాణం ఉన్నట్టే. రెగ్యులేటర్ మాత్రం పాత డబ్బాలోనే ఎలక్ట్రానిక్‌ది పెట్టించండి. బయటికి తేడా తెలియదు, బ్యాటరీ బతుకుతుంది. ఆ రోజుల్లో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొసని ఫ్రేమ్‌కి కలిపేవాళ్లు; వైర్లు కలిపే ముందు గుర్తుంచుకోండి.

కార్బురేటర్, ట్యాంకు

మీ ఏడాది బండికి అమాల్ మోనోబ్లాక్ 376 ఉండాలి. విడిభాగాలే కాదు, కొత్త కార్బురేటర్ కూడా దొరుకుతోంది, ఇప్పుడు బర్లెన్ సంస్థ తయారు చేస్తోంది. పాతదాన్ని గుడ్డిగా పారేయకండి. లోపలి స్లైడ్‌ని పట్టుకుని కదిపితే లొడలొడమంటే, ఐడిల్‌లో గాలి దొంగతనంగా దూరుతుంది, ఎంత ట్యూన్ చేసినా నిలవదు. కార్బురేటర్‌ని ఇంజనుకి బిగించే ఫ్లాంజ్ కూడా, నట్లు ఎక్కువ బిగించి వంచినవే ఎక్కువ. గాజు మీద సన్నటి గరుకు కాగితం పరిచి రుద్దితే చదునవుతుంది.

ట్యాంకులో తుప్పు ఉంటే సిట్రిక్ యాసిడ్ నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచి, బాగా కడిగి వెంటనే ఆరబెట్టండి. లోపల పూసే సీలెంట్ల మీద నాకు నమ్మకం తక్కువ. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడి మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం వరకు ఇథనాల్. పాత సీలెంట్లని అది కరిగించి జిగురులా కార్బురేటర్‌లోకి తెస్తుంది. సూపర్ గ్రేడ్ ఈ5 వాడండి, చలికాలం ఆపేటప్పుడు కార్బురేటర్ ఖాళీ చేయండి.

బ్రేకులు: దుమ్ము ఊదొద్దు

1956 నాటి బ్రేక్ షూల లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుందనుకునే పని చేయండి. గాలితో ఊదడం, పొడి బ్రష్‌తో తుడవడం వద్దు. తడిపి తుడిచి, సంచిలో కట్టి కౌన్సిల్ చెప్పిన పద్ధతిలో పారేయండి. పిల్లలు గరాజులోకి వస్తారంటే ఇది ఇంకా ముఖ్యం. పెయింటు విషయంలోనూ అంతే. టూ-ప్యాక్ పెయింటులో (గట్టిపరిచే రసాయనం కలిపి కొట్టేది) ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి, బయటి గాలి అందించే మాస్కు, బూత్ లేకుండా ఇంటి గరాజులో కొట్టకూడదు.

గేర్‌బాక్స్ దిట్టమైనది. ఆయిల్ మార్చి, గేర్లన్నీ పడుతున్నాయో లేదో చూసి, లోపల మెరిసే ముక్కలు లేకపోతే దాన్ని అలాగే ఉంచండి.

తిరిగి బిగించడం

ఇక్కడ మిమ్మల్ని విసిగించేది ఒక్కటే, పుష్‌రాడ్లు, అంటే వాల్వుల్ని తెరిచే రాకర్లని తోసే కడ్డీలు. నాలుగు కడ్డీలూ, రెండు సిలిండర్ల వెనక ఉన్న ఒకే సందులోంచి పైకి వస్తాయి. రాకర్ బాక్స్ కిందికి దించేటప్పుడు నాలుగూ ఒకేసారి వాటి రాకర్లలో కూర్చోవాలి. మూడు కూర్చుంటాయి, నాలుగోది జారుతుంది. దీనికోసమే పళ్లున్న రేకు, దువ్వెన అనే పరికరం, దొరుకుతుంది. సన్నటి రేకు కోసి మీరే చేసుకోవచ్చు కూడా. అది లేకుండా ప్రయత్నించకండి. నాలుగూ కూర్చున్నాయో లేదో ప్లగ్గులు తీసి ఇంజను మెల్లగా తిప్పి, ఒక్కో వాల్వు లేస్తోందో లేదో చూశాకే నట్లు బిగించండి.

బిగించేటప్పుడు క్రాంక్ దారుల్లోకి నూనెడబ్బాతో ఆయిల్ పంపి నింపండి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ట్యాంకు మూత తెరిచి, తిరిగొచ్చే గొట్టంలోంచి ఆయిల్ పడేదాకా కిక్ కొడుతూనే ఉండండి. పడకపోతే స్టార్ట్ చేయొద్దు. రిటర్న్ లైనులో బయట ఒక కాగితపు ఫిల్టర్ పెట్టించండి. 1956లో అది లేదని పట్టింపుకి పోయి మానేయకండి.

కొన్ని వారాలు ఆపి ఉంచితే ట్యాంకులోని ఆయిల్ పంపు సందుల్లోంచి క్రాంక్‌కేసులోకి దిగుతుంది. ఈ బళ్లన్నిటికీ ఉన్నదే. దీనికి విరుగుడుగా ఆయిల్ పైపులో కుళాయి పెట్టుకునేవాళ్లున్నారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒక్క ఉదయం తెరవడం మర్చిపోతే మీరు ఇంతకాలం చేసిందంతా రెండు మైళ్లలో పోతుంది. అడుగున ఉన్న ప్లేటు విప్పి ఆయిల్ దించి తిరిగి ట్యాంకులో పోసుకోవడం పది నిమిషాల పని.

మొదటి వేడి తర్వాత, చల్లారాక, హెడ్ బోల్టులు మళ్లీ చూడండి. మొదటి 500 మైళ్లు గంటకి 45 మైళ్లు దాటకుండా, అలాగని ఎక్కువ గేరులో గుంజుతూ కాకుండా నడిపి ఆయిల్ మార్చండి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మీ బుల్లెట్ పాత రకం అయితే మీకు కొత్త కాదు, కానీ ఇప్పుడు ఇక్కడ వేరే బండి నడుపుతున్నట్టయితే మొదటి రోజు ఖాళీ రోడ్డు మీదే తిరగండి.

రంగు

ఒక వేసవి నడిపాక ఎక్కడ కారుతోందో, ఏ బ్రాకెట్ విరిగిందో తెలుస్తుంది. అప్పుడు విప్పి రంగు వేయిస్తే రంగు వేశాక మళ్లీ గ్రైండర్ పట్టాల్సిన పని రాదు. ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్ నేను వద్దంటాను. దాని పొర మందం, ఇంజను ప్లేట్లు కూర్చునే చోట్ల, హెడ్‌స్టాక్ (ఫ్రేమ్‌లో హ్యాండిల్ తిరిగే చోటు) దగ్గర అడ్డం వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఫ్రేమ్ నంబరు కనబడకుండా పూడిపోతుంది. స్టవ్ ఎనామెల్ (వేడిలో కాల్చి గట్టిపరిచే రంగు) లేదా బ్రష్‌తో వేసే మంచి ఎనామెల్ చాలు. ట్యాంకు మీద అసలు లేత బంగారు రంగు ఏ మాత్రం మిగిలి ఉన్నా దాన్ని గీకేయకముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, 1956లో బీఎస్ఏ వాళ్ల స్మాల్ హీత్ ఫ్యాక్టరీలో వేసిన రంగు మాత్రం మళ్లీ దొరకదు.

కాగితాలు

ఇది మొదటి వారంలోనే చేయాల్సిన పని. మీ దగ్గర వీ5సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) ఉందో లేదో రాయలేదు. లేకపోయినా పాత నంబరు ప్లేటు, పాత లాగ్‌బుక్ ఉంటే వీ765 పథకం కింద అసలు నంబరు తిరిగి పొందే దారి ఉంది. బీఎస్ఏ ఓనర్స్ క్లబ్ లాంటి గుర్తింపు ఉన్న క్లబ్బు బండిని పరిశీలించి ధ్రువీకరించాలి. ఇంకో మాట. బీఎస్ఏ ఈ కాలంలో ఇంజనుకీ ఫ్రేమ్‌కీ వేర్వేరు నంబర్లు వేసింది. రెండూ ఒకటి కాకపోతే కంగారు పడకండి, ఒకటి కాకపోవడమే సరైనది. అవి కలిసి ఫ్యాక్టరీ దాటాయో లేదో పాత డిస్పాచ్ రికార్డులు చూస్తేనే తెలుస్తుంది.

రోడ్డు ఎక్కేదాకా ఎస్ఓఆర్ఎన్ (బండి రోడ్డు మీద లేదని ఇచ్చే ప్రకటన) పెట్టి ఉంచండి. నలభై ఏళ్లు దాటిన బండి కాబట్టి హిస్టారిక్ తరగతిలో రోడ్ టాక్స్ డబ్బు కట్టక్కర్లేదు, కానీ సున్నా రుసుముతోనే ఏటా టాక్స్ నమోదు చేయించాలి. పెద్ద మార్పులు చేయని ఇలాంటి బళ్లకి ఎంఓటీ (ఏటా చేసే రోడ్డు భద్రతా పరీక్ష) తప్పనిసరి కాదు. అయినా మొదటిసారి డబ్బు కట్టి ఎంఓటీ చేయించండి. మీ బ్రేకుల్ని, స్టీరింగ్ బేరింగుల్ని మీరు కాక ఇంకో మనిషి చూడటం అవసరం.

ఈ శనివారానికి ఆయిల్ దించి ట్రేలో చూడటం, ఇంజను నంబరు తుడిచి ఫొటో తీయడం, ఈ రెండూ చేయండి. నంబరు ముందున్న అక్షరాలు, ట్రేలో కనబడింది ఇక్కడ రాస్తే, మీ ఇంజనుకి ఏ రకం బుష్, ఏ రకం బారెల్ ఉండాలో చూసి చెబుతాను.